తిరగేసి చూస్తే

మా గోదావరి వైపు ఆడవాళ్లు బట్టల కొట్లో చీర చేతికందగానే చేసే మొదటి పని దాన్ని తిరగేయడం. పైన పువ్వు ఎంత ముచ్చటగా ఉన్నా, అడుగున దారాలు జడలు కట్టి ఉంటే ఆ చీర మళ్లీ అరలోకి వెళ్లాల్సిందే. కొట్టువాడు ఎన్ని కబుర్లు చెప్పినా లాభం లేదు. ఇంగ్లండులో పాత బట్టల సంతలకు తిరగడం మొదలెట్టిన కొత్తలో నాకు అక్కరకొచ్చిన చదువు ఇదొక్కటే. నూరేళ్లు దాటిన తెల్ల గౌన్లు, లేసు కాలర్లు, కుట్టుపని చేసిన జాకెట్లు అక్కడ ఇనుప కడ్డీలకు వేలాడుతుంటాయి. అమ్మేవాళ్లు అన్నింటినీ చేతిపనే అంటారు. అబద్ధమాడాలని కాదు, వాళ్లలో చాలామందికీ తేడా తెలియదు. లోపలి వైపు తిప్పి, కంసాలి వాడే భూతద్దం లాంటిది ఒకటి కంటికి ఆనించి చూస్తే చాలావరకు బట్టే చెప్పేస్తుంది.

ఈ సంతల్లో నేను వెతికేవి ఎడ్వర్డియన్ కాలపు బట్టలు. లెక్క ప్రకారం ఆ కాలమంటే ఏడో ఎడ్వర్డు గద్దె మీద ఉన్న తొమ్మిదేళ్లు, 1901 జనవరి నుంచి 1910 మే దాకా. బట్టలు పోగేసేవాళ్లు మాత్రం ఆ గీతని జరిపి 1914లో యుద్ధం మొదలయ్యేదాకా లాగుతారు. రాజు పోయాడని దర్జీలు మర్నాడే కత్తిరింపు మార్చరు కదా.

ఆ కాలానికి గుర్తు చూపించమంటే అందరూ చూపించేది తెల్ల వేసవి గౌను. దాన్ని లాంజరీ డ్రెస్ అంటారు. లోదుస్తులకు వాడే పల్చటి నూలు బట్టే, అదే లేసే, అదే సన్న కుట్టే పైబట్టకి ఎక్కాయి కాబట్టి ఆ పేరు. తోటలో టీ విందులకీ నదీతీరంలో పడవ పందేలకీ కట్టుకెళ్లేవాళ్లు. చెవుల దాకా నిలబడే కాలరు, అది వాలిపోకుండా లోపల సన్నటి పుల్లలు. రొమ్ముని ముందుకీ నడుముని వెనక్కీ తోసే కార్సెట్టు, దానివల్ల పావురం ఎద లాంటి ఆకారం. వీపు పొడవునా చిన్న చిన్న గుండీలో హుక్కులో. ఎవరికి వాళ్లు వేసుకోలేని బట్ట అది, వెనక ఒక పనిమనిషి నిలబడాలి. ఉతకడానికీ, గంజి పెట్టడానికీ, ఫ్రిల్లు ఫ్రిల్లునా ఇస్త్రీ చెయ్యడానికీ ఇంకెవరో ఉండాలి. తెలుపులో నిరాడంబరం చూడటం మనకి అలవాటు గానీ, ఆ తెలుపు మా ఇంట్లో ఇంతమంది నౌకర్లున్నారని చెప్పుకునే తెలుపు.

దాన్ని కుట్టే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. గుడ్డ మీద లేసు పట్టీ పరిచి రెండు అంచులూ కుడతారు. తర్వాత వెనక వైపు నుంచి, లేసు కింద ఉన్న గుడ్డని మాత్రం కత్తిరించి తీసేస్తారు. మిగిలిన అంచుని తడి వేలితో సన్నగా చుట్టి, ఆ చుట్ట మీదుగా సూది తిప్పుతూ పోతారు. ఇప్పుడు గుడ్డ మధ్యలో ఒక జాలీ కిటికీ తెరుచుకున్నట్టుంటుంది. అలాంటి పట్టీలు నిలువునా అడ్డంగా వంకీలుగా వేసి, వాటి మధ్య నూలుపోగంత సన్నటి టక్కులు వరసలు వరసలుగా పెట్టి, ఖాళీ మిగిలిన చోట తెల్లదారంతో పువ్వులు కుడతారు. ఒక్క గౌనులో లేసు గజాల కొద్దీ పడుతుంది. ఇలాంటి గౌను దొరికితే నేను ముందు లోపలి అంచులు చూస్తాను. చుట్టుడు కుట్టు సమంగా, గుడ్డ దారాలు బయటికి రాకుండా ఉంటే దాన్ని పనితనం తెలిసిన చెయ్యే కుట్టిందన్నమాట. పొడుగు కుట్లు మిషను మీద వేసి ఉంటే కంగారు పడక్కర్లేదు. అప్పటికి కుట్టుమిషను ఇళ్లల్లోకి వచ్చి చాలా ఏళ్లయింది. పొడుగు కుట్టు మిషనుకీ, లేసు చేర్చే కుట్టు చేతికీ పంచుకోవడం ఆ కాలంలో మామూలే. జిప్పు కనిపిస్తే మాత్రం ఆగాలి. గౌన్లకు జిప్పులు రావడం 1930ల మాట. ఉందంటే గౌను ఆ కాలంది కాదు, లేదా తర్వాత ఎవరో విప్పి కుట్టారు.

పట్టు గౌన్ల కన్నా నూలు గౌన్లు ఎక్కువగా ఎందుకు మిగిలాయన్నది కొత్తవాళ్లకి వచ్చే అనుమానం. పట్టుది గట్టి ప్రాణం అనుకుంటాం మనం, అమ్మమ్మల కంచిపట్టు చూసిన కళ్లతో. పట్టు దారాన్ని ఉడికించి జిగురు తీస్తే బరువు బాగా తగ్గుతుంది. పట్టు తూకానికి అమ్ముడుపోయే సరుకు. తగ్గిన బరువు పూడ్చుకోవడానికి పందొమ్మిదో శతాబ్దం చివర్లో తగరం, ఇనుము లాంటి లోహ లవణాల్లో ముంచేవాళ్లు. గుడ్డ బరువుగా, గరగరలాడుతూ, ఖరీదైనదిగా అనిపించేది. ఆ లవణాలే ఇప్పుడు దారాన్ని లోపల్నుంచి తినేస్తున్నాయి. పెట్టెలో కదపకుండా పెట్టినా నిలువునా చీలికలు చీలికలై, పట్టుకుంటే అప్పడంలా విరిగే పట్టు లైనింగులు నేను ఎన్నో చూశాను. దానికి మందు లేదు. నెలనెలా చాకిరేవులో బాదించుకున్న నూలు గౌను మాత్రం ఇంకా కట్టుకునేలా ఉంటుంది.

ఇక లేసు సంగతి. ఆ గౌన్ల మీద ఉన్న లేసులో ఎక్కువ భాగం యంత్రం మీద తయారైందే. ఈ మాట వినగానే కొత్తగా కొన్నవాళ్ల మొహాలు చిన్నబోతాయి. నెట్ నేసే యంత్రానికి జాన్ హీత్‌కోట్ 1808లో, మెరుగుపరిచిన దానికి 1809లో పేటెంటు తీసుకున్నాడు. 1816లో యంత్రాల మీద కక్షగట్టిన లడ్డైట్లు లఫ్‌బరోలో అతని మిల్లులో జొరబడి యంత్రాలు పగలగొడితే, అతను డెవన్‌లోని టివర్టన్‌కి మకాం మార్చేశాడు. 1813లో నాటింగ్‌హాంలో జాన్ లీవర్స్ ఇంకో అడుగు వేశాడు. అతని యంత్రానికి, బెజ్జాలతో బొమ్మ నేయించే జకార్డ్ అట్టలు తగిలించాక, బొమ్మలతో సహా లేసు గజాల లెక్కన దిగడం మొదలైంది. ఎడ్వర్డు గద్దెనెక్కే నాటికి నాటింగ్‌హాం, ఫ్రాన్సులోని కలే ఊళ్ల యంత్రాలు చేతి లేసుల్లో దాదాపు అన్నింటికీ నకలు తీయగలిగేవి. నకలే అయినా ఆ సన్నదనం ఈనాటి యంత్రపు లేసులో అరుదు. చిన్నచూపు చూడాల్సిన పని కాదు. తెలిసి కొనుక్కోవాలి, అంతే.

ఎలా తెలుస్తుందంటే, భూతద్దం కింద యంత్రపు లేసులో దారాలు దాదాపుగా ఒకే దిక్కుకు, సమాంతరంగా పోతుంటాయి. పువ్వు అంచున లావు దారం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి గెంతిన చోట కత్తిరించిన కొసలు పొట్టి వెంట్రుకల్లా నిలబడతాయి. అంచు బుడిపెల పట్టీ విడిగా కుట్టి ఉంటుంది. చేతి లేసుల్లో సూది లేసుకి పునాది మనం గుండీ రంధ్రానికి వేసే కాజా కుట్టే. గాలిలో, ఒక దారపు గీత మీద కాజా మీద కాజా వేస్తూ ఆకులూ పువ్వులూ కడతారు. కాజా కుట్టు వేసే లేసు యంత్రం లేదు. కాబట్టి అంచున కాజాలు కనిపిస్తే మనసు నెమ్మదిగా పెట్టుకోవచ్చు.

కండెల లేసుది వేరే దారి. గట్టి దిండు మీద తోలు కాగితం పరిచి, బొమ్మ ప్రకారం బెజ్జాలు పొడిచి, బెజ్జానికో గుండుసూది గుచ్చి, చిన్న చెక్క కండెలకు చుట్టిన దారాల్ని జంటలు జంటలుగా దాటిస్తూ మెలేస్తూ పోతారు. నేతా, జడా కలిసినట్టుంటుంది ఆ అల్లిక. బకింగ్‌హాంషైర్, బెడ్‌ఫర్డ్‌షైర్ పల్లెల్లో అయిదారేళ్ల పిల్లల్ని లేసు బడుల్లో కూర్చోబెట్టి ఇది నేర్పేవాళ్లు. తెల్లదారం మీద మసి పడుతుందని గదిలో పొయ్యి వెలిగించేవాళ్లు కాదు. చలికి లంగాల కింద నిప్పుల కుండ పెట్టుకునేవాళ్లు. రాత్రిళ్లు ఒక్క కొవ్వొత్తి చుట్టూ నీళ్లు నింపిన గాజు బుడ్లు నిలబెట్టి, ఆ బుడ్డి చూపించిన వెలుతురు చుక్కలోకి తలో దిండూ జరుపుకునేవాళ్లు. ఎంత అందమైన ఏర్పాటో అనిపిస్తుంది చదివితే. కళ్లు పోగొట్టుకున్నవాళ్లకి ఏమనిపించిందో మరి. 1870ల తర్వాత చదువు తప్పనిసరి చేసిన చట్టాలతో ఆ బడులు మూతపడ్డాయి. ఎడ్వర్డియన్ కాలానికి దిండు ముందు మిగిలింది ఎక్కువగా ముసలివాళ్లే. 1897లో ఉత్తర బకింగ్‌హాంషైర్‌లో సంపన్న స్త్రీలు కొందరు కలిసి లేసు సంఘం పెట్టి, మంచి నమూనాలిచ్చి, సరుకు అమ్మిపెట్టి ఆ పనిని ఇంకొన్నాళ్లు నిలబెట్టారు.

లిమరిక్ లేసు దగ్గర మాత్రం మన ఆడవాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పెళ్లి జాకెట్లకి మగ్గం వర్క్ చేయిస్తాం కదా, చట్రానికి గుడ్డ బిగించి కొక్కెం సూదితో గొలుసు కుట్టు వేసేది. దాన్నే ఐరోపాలో టాంబూర్ అంటారు, డోలు అని అర్థం, గుండ్రటి చట్రాన్ని చూసి పెట్టిన పేరు. పద్దెనిమిదో శతాబ్దంలో తూర్పు నుంచి, మన దేశం నుంచి, వెళ్లిన కుట్టుబట్టల వెంట ఆ విద్య అక్కడికి చేరింది. 1829లో చార్లెస్ వాకర్ అనే ఆయన ఇంగ్లండు నుంచి ఇరవై నలుగురు అమ్మాయిల్ని వెంటబెట్టుకెళ్లి ఐర్లండులోని లిమరిక్‌లో పని పెట్టించాడు. గుడ్డకి బదులు యంత్రం మీద నేసిన నెట్, దాని మీద అదే కొక్కెం, అదే గొలుసు. అంటే పరిచింది యంత్రం, పూయించింది చెయ్యి. పై వైపు గొలుసు కనిపిస్తుంది, తిప్పితే మామూలు గీత కుట్టులా ఉంటుంది. మగ్గం జాకెట్టు లోపలి వైపు చూసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

నాకు బాగా తగిలిన దెబ్బ ఐరిష్ క్రోషే దగ్గర. మొదట్లో ఒక సంతలో ఐరిష్ క్రోషే అని చెబితే నమ్మి ఒక పెద్ద కాలరు కొన్నాను. గులాబీలు, మూడాకుల షామ్రాక్‌లు, ద్రాక్షగుత్తులు అన్నీ ఉన్నాయి. ఇంటికొచ్చి భూతద్దం పెడితే ఒక్క ముడీ లేదు, ఒక్క ఉచ్చూ లేదు. నూలు పీచు దట్టంగా ఒకదాని మీద ఒకటి కుమ్మరించినట్టుంది, అంచులు నూగు నూగుగా. అది రసాయనపు లేసు. 1880లలో స్విట్జర్లండు, జర్మనీ వైపు కనిపెట్టిన ఉపాయం. పట్టుగుడ్డ మీద యంత్రంతో నూలు దారంతో దట్టంగా బొమ్మ కుట్టి, తర్వాత గుడ్డని క్షారంలో ముంచితే పట్టు కరిగిపోయి నూలు బొమ్మ ఒక్కటే లేసులా మిగులుతుంది. ఐరిష్ క్రోషేకి గిరాకీ పెరిగిన ఆ రోజుల్లోనే దాని నకళ్లు అలా గుట్టలుగా వచ్చాయి. అసలు ఐరిష్ క్రోషేని మాత్రం ఇప్పటికీ ఏ యంత్రమూ అల్లలేదు. కొక్కెం అల్లికలో కావలసిన చోటల్లా గుచ్చి ఉచ్చు లాగాలి, ఆ పని చేతికే వచ్చు. కాబట్టి నిజమైన ఐరిష్ క్రోషే అయితే చేతిపనే, అందులో సందేహం లేదు. అది నిజమైనదా కాదా అన్నదే సందేహం.

ఈ అల్లిక ఆకలి లోంచి వచ్చింది. 1845లో ఐర్లండులో బంగాళదుంప పంటకి తెగులు పట్టింది. నాలుగైదేళ్లలో పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మంది దేశం విడిచి వెళ్లారు. వెనీసు పాత సూది లేసుని పోలిన బొమ్మల్ని కొక్కెంతో, చాలా తక్కువ కాలంలో అల్లవచ్చని అప్పుడు సన్యాసినుల మఠాలు, మతగురువుల భార్యలు ఆడపిల్లలకు నేర్పారు. క్లోన్స్ ఊళ్లో కసాండ్రా హ్యాండ్ అనే పాదిరి భార్య 1847లో కిల్డేర్ నుంచి ఒక పంతులమ్మని రప్పించి పని మొదలుపెట్టించింది. కొక్కెం, నూలు ఉండ ఉంటే చాలు, కుంపటి పక్కనైనా అల్లుకోవచ్చు. అరవై ఏళ్లు తిరిగేసరికి ఎడ్వర్డియన్ ఫ్యాషను దాన్ని ఎత్తుకుంది. లండను, పారిసు, న్యూయార్కుల్లో ఐరిష్ క్రోషే కాలర్లే కాదు, నిలువెత్తు కోట్లూ గౌన్లూ తొడిగారు.

అల్లే పద్ధతి కాస్త వివరంగా చెప్పాలి. గులాబీ ఒకటి, ఆకు ఒకటి, చక్రం ఒకటి ఇలా విడివిడిగా చేస్తారు. రేక అంచు ఉబ్బెత్తుగా రావడానికి నాలుగైదు పోగుల లావు దారాన్ని లోపల పెట్టి, దాని మీదుగా అల్లుతారు. ఆ లోపలి దారాన్ని కొంచెం లాగితే రేక ముడుచుకుని దొప్పలా లేస్తుంది. ఇలా సిద్ధమైన పువ్వుల్ని, బొమ్మ గీసిన గుడ్డ మీద బోర్లా పెట్టి పచ్చి కుట్లు వేస్తారు. అంటే అతికే మనిషికి పని పొడవునా వెనక వైపే కనిపిస్తుంది. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఖాళీలో గొలుసులు లాగి, మధ్య మధ్య బుడిపెలు వేస్తూ వల కడతారు. క్లోన్స్‌లో ఆ బుడిపెకి బదులు కొక్కెం మీద దారాన్ని చాలాసార్లు చుట్టి గుండ్రటి ముడి వేస్తారు, క్లోన్స్ ముడి అని దానికే పేరు. అంతా అయ్యాక పచ్చి కుట్లు తెంపి వెల్లకిలా తిప్పితే అప్పుడు తోట కనబడుతుంది. ఒక్కో కుటుంబం ఒక్కో పువ్వులో చెయ్యి తిరిగి ఉండేది. పువ్వులు ఒక ఇంట్లో, ఆకులు ఇంకో ఇంట్లో, అతుకు మరో ఇంట్లో.

ఇది నేను పుస్తకాల్లో చదివే తెలుసుకున్నాను. మా అమ్మ చదవకుండానే చెప్పింది. ఆమె నన్ను చూడ్డానికి ఇక్కడికి వచ్చిన వేసవిలో, రెండోసారి జాగ్రత్తపడి కొన్న అసలైన ఐరిష్ కాలరు ఒకటి చేతిలో పెట్టాను. ఏ దేశంది, ఎప్పటిది అని చెప్పలేదు. తిరగేసింది. కళ్లజోడు పైకి తోసి, బొటనవేలితో అతుకుల మీద తడుముకుంటూ పోయింది.

“ఇది ఒక్కత్తి చేసింది కాదే. ముగ్గురున్నారిందులో. ఈ పువ్వు బిగువు చూడు, ఆ ఆకు బిగువు చూడు, ఒకటేనా? అతికినామె వేరే. అతుకుపని ఆమె చాలా గట్టిది.”

అమ్మది నరసాపురం పక్క పల్లె. పెళ్లయ్యేదాకా లేసు అల్లింది. పందొమ్మిదో శతాబ్దం నడిమిలో స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఆ ప్రాంతంలో ఈ పనికి నాంది పలికారని చెబుతారు. పేద క్రైస్తవ స్త్రీలతో మొదలై, తర్వాత గడప దాటని కాపు ఇళ్లల్లోకీ పాకింది. 1900 ప్రాంతం నుంచి ఆ లేసు ఓడలెక్కి బ్రిటనుకి పోవడం మొదలైంది. సరిగ్గా ఎడ్వర్డియన్ కాలమే. గోదావరి పైకి వెళితే దుమ్ముగూడెం మిషనులోనూ లేసు నేర్పి ఇంగ్లండులో అమ్మేవాళ్లు. ఇక్కడి సంతల్లో లేసు ముక్కల పెట్టెలు కెలికేటప్పుడు, ఇందులో మన రేవు నుంచి వచ్చిందేదైనా ఉందా అని ఆలోచన వస్తుంది. నూలు మీద ఊరి పేరు రాసి ఉండదు.

నరసాపురంలో కూడా చేతిపని ఒకరిది, అతుకుపని ఇంకొకరిది, కాజాకుట్టు మరొకరిది. జర్మను సమాజశాస్త్రవేత్త మరియా మీస్ ఆ ఊళ్లు తిరిగి రాసిన పుస్తకం 1982లో వచ్చింది, నరసాపురం లేసు స్త్రీల మీద. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లి, ఆపైన ఇంటి చాకిరీ అంతా చేసే స్త్రీలని వ్యాపారులు ‘ఇళ్లల్లో కూర్చునేవాళ్లు, తీరిక వేళ ఏదో అల్లుకుంటారు’ అనేవాళ్లని, కూలీ అంత తక్కువగా ఉండటానికి ఆ మాటే ఊతమైందని ఆమె చూపించింది. నమూనా మధ్యవర్తి తెస్తాడు, దారం అతనే తెస్తాడు, అల్లినది అతనే పట్టుకెళతాడు. ఒక్కో స్త్రీకి తను చేసిన ముక్క తప్ప పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో తెలియదు. ఐర్లండు కథకీ దీనికీ మధ్య సముద్రాలున్నాయి గానీ లెక్కల పుస్తకం ఒక్కటే. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊరికి పేరొచ్చింది, మంచిదే.

చేసినవాళ్ల పేరు లేకపోవడం పేదల లేసుకే పరిమితం కాదు. ఆ కాలంలో అందరి నోళ్లల్లో నానిన గౌను నెమలి గౌను. వైస్రాయి కర్జను భార్య మేరీ 1903 ఢిల్లీ దర్బారు నృత్య వేడుకలో తొడిగింది. బంగారు, వెండి జరీతో గుడ్డంతా నెమలి ఈకలు, ఈక కన్నుకొక్కటిగా ఆకుపచ్చ పురుగు రెక్క. చూసినవాళ్లు పచ్చలనుకున్నారట. జరీ పని మన దేశపు జర్దోజీ పనివాళ్లది, కుట్టి గౌనుగా చేసింది పారిసులోని వర్త్ సంస్థ. బరువు నాలుగున్నర కిలోలకు పైనే. డెర్బీషైర్‌లోని కెడల్‌స్టన్ హాల్లో ఇప్పటికీ ఉంది. పురుగు రెక్క ఎంబ్రాయిడరీ మన మద్రాసు, హైదరాబాదు పనివాళ్లు తెల్ల మల్లు మీద దొరసానుల కోసం అప్పటికే చేస్తున్నదే. గౌను తొడిగినామె పేరు, కుట్టిన కంపెనీ పేరు అందరికీ తెలుసు. ఒక్కో రెక్కకి సూదితో బెజ్జం పొడిచినవాళ్ల పేర్లు ఎవరికీ పట్టలేదు.

పాత లేసు పోగేయడమన్నది మనం కనిపెట్టిన పిచ్చి కూడా కాదు. ఎడ్వర్డియన్ స్త్రీలే అందులో ఆరితేరారు. బరీ పాలిసర్ రాసిన లేసు చరిత్ర 1865లో వస్తే, దాన్ని మార్గరెట్ జోర్డెన్, ఆలిస్ డ్రైడెన్ సవరించి 1902లో మళ్లీ అచ్చు వేశారు, అంత గిరాకీ ఉండేది. పారిసులో 1895లో దుకాణం తెరిచిన కాలో అక్కచెల్లెళ్లు నలుగురూ పాత లేసులు, రిబ్బన్లు కొని, వాటితో జాకెట్లూ లోదుస్తులూ కుట్టి పేరు తెచ్చుకున్నారు. వాళ్ల తల్లి లేసు అల్లే మనిషి. అంటే పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల లేసుకి కత్తెర పెట్టి 1900 నాటి గౌనుకి అతికారన్నమాట. ఎడ్వర్డియన్ గౌను కోసి దిండు గలీబు కుట్టారని ఎవరైనా గుండెలు బాదుకుంటే నాకు లోలోపల కొంచెం నవ్వొస్తుంది. అయినా నేనూ బాదుకుంటాను. చెడిపోయిన దాన్ని ముక్కలుగా వాడటం వేరు, బాగున్నదాన్ని రంగులో ముంచి, మోకాళ్ల దాకా కత్తిరించి అమ్మడం వేరు.

దాచడం గురించి నన్ను ఎక్కువమంది అడుగుతారు. గంజి పెట్టిన బట్టని దాచకూడదు, వెండి పురుగులకి విందు పెట్టినట్టే. ఉతికి, గంజి వదిలించి, ఇస్త్రీ లేకుండా దాచాలి. కట్టుకునే రోజున పెట్టుకోవచ్చు గంజి. ఉతికేముందు తడి దూదితో ఒక మూల అద్ది రంగు దిగుతుందేమో చూడాలి. తడిసిన లేసు తన బరువుకే చిరుగుతుంది. అందుకని ఒక నెట్ ముక్క మీద పెట్టి, నెట్‌తో సహా డిస్టిల్డ్ వాటర్‌లో దించి, నెట్‌తో సహా పైకి తియ్యాలి. పిండటం, దులపటం, దండెం మీద వెయ్యటం, మూడూ పనికిరావు. పాత సూదులు, హుక్కులు వదిలిన తుప్పు మరకకి నిమ్మకాయ, ఉప్పు, ఎండ అని మన అమ్మమ్మలూ చెప్పారు, వాళ్ల అమ్మమ్మలూ చెప్పారు. మరక పోతుంది, పులుపు మిగిలిపోయి ఏళ్ల మీద అక్కడే బెజ్జం పడుతుంది. మరకని ఉండనియ్యడమే నయం. హ్యాంగరుకి వేలాడదీస్తే భుజాలు తెగుతాయి, పెట్టెలో పడుకోబెట్టాలి. మడతల్లో ఆమ్లం లేని కాగితం ఉండలు పెట్టాలి, అది దొరక్కపోతే పదిసార్లు ఉతికిన పాత మల్లు పంచె చాలు. పట్టుచీరలకి మడత మార్చినట్టే ఏడాదికోసారి దీనికీ మార్చాలి. ప్లాస్టిక్ సంచీ వద్దు, కలరా ఉండలు బట్టకి తగలనివ్వద్దు. లేసు పట్టీలయితే మడవనే కూడదు, గొట్టానికి చుట్టాలి.

అమ్మ చూసిన కాలరులో ఒకచోట వల తెగి, రెండు గొలుసులు వేలాడుతున్నాయి. మ్యూజియంవాళ్లయితే ముట్టుకోవద్దంటారు. ముట్టుకుంటే, చేసిన మరమ్మతు ఫలానా అని తర్వాతివాళ్లకి తెలిసేట్టుండాలి, కావాలంటే విప్పేసేట్టూ ఉండాలంటారు. నేను ఇదంతా చెబుతుంటే ఆమె తన సంచీలోంచి కొక్కెం తీసింది. ఇక్కడికి వచ్చేటప్పుడు ఎందుకు తెచ్చుకుందో నేనడగలేదు.

“దారం నా దగ్గరున్నది కాస్త తెలుపెక్కువ. తెలిసిపోతుందే.”

“తెలియనీ అమ్మా, తెలియాలి.”

“తెలియాలంటావేంటి, పాడు! అతుకు తెలిస్తే మమ్మల్ని తిట్టేవారు.”

అంటూనే కాలరుని బోర్లా తిప్పి, పాత కుంకుడు రంగు చీర ముక్క మీద పరిచి, పచ్చి కుట్లు వెయ్యడం మొదలెట్టింది. వేలాడుతున్న గొలుసులు తెంపలేదు. వాటి పక్కనుంచే కొత్తవి లాగింది. బుడిపె దగ్గరకొచ్చేసరికి ఆగి, పాతదాన్ని వేలిగోటితో ఎత్తి, ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టింది. ఆపైన దీపం కాస్త దగ్గరికి జరపమంది.